కంచె లేదు కదా, అటు కాలు పెట్టొచ్చా?

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరిలో అమ్మని తీసుకుని కాశీ, అయోధ్య వెళ్తున్నాం, అటు నుంచి గోరఖ్‌పూర్. అమ్మకి 68 ఏళ్లు. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి కూడా వస్తున్నాడు, ఆయనది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉంది. నాకు పాస్‌పోర్టే లేదు. గోరఖ్‌పూర్ నుంచి నేపాల్ సరిహద్దు దగ్గరేనని, దానికి కంచె ఉండదని తెలిసినప్పటి నుంచి ఒకటే కోరిక. వాఘాలో లాగా గేట్లు, కవాతు కాకుండా, పొలాల మధ్య ఒక రాయి తప్ప ఏమీ లేని చోట ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడాలి, ఫోటో తీసుకోవాలి. ముగ్గురం వెళ్లొచ్చా? ఎవరైనా పట్టుకుంటారా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. సరిహద్దు చూడాలని ఒకరికి అనిపించడమే నాకు చాలా నచ్చింది. అయితే మీ ముగ్గురికీ ఒకటే జవాబు కుదరదు, ముందు అది చెప్పేస్తాను. మీరూ అమ్మగారూ గుర్తింపు కార్డు చేతిలో పెట్టుకుని హాయిగా దాటొచ్చు. మీ అన్నయ్యకి మాత్రం వీసా కావాలి, స్టాంపు కావాలి, పొలం గట్టు మీదుగా ఆయన ఒక్క అడుగు కూడా అటు వేయకూడదు. సరదాకి కూడా వద్దు.

మనకీ నేపాల్‌కీ మధ్య గీత దాదాపు 1,751 కిలోమీటర్లు. ఉత్తరాఖండ్, యూపీ, బీహార్, పశ్చిమ బెంగాల్, సిక్కిం, ఇన్ని రాష్ట్రాల పక్కనుంచి పోతుంది. ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌ని ఏలిన గూర్ఖాలకీ 1814లో మొదలైన యుద్ధం తర్వాత సుగౌలీ సంధి జరిగింది, 1816లో అది అమల్లోకి వచ్చింది, ఇప్పటి గీతకి పునాది అదే. 1857 తిరుగుబాటులో నేపాల్ ప్రధాని జంగ్ బహదూర్ రాణా ఇంగ్లీషువాళ్లకి సైన్యం ఇచ్చి సాయం చేశాడు కాబట్టి 1860లో పడమటి తరాయిలో, అంటే హిమాలయాల కింద ఉండే చదును ప్రాంతంలో, కొంత నేల మళ్లీ నేపాల్‌కి ఇచ్చేశారు, అప్పుడు గీత ఇంకోసారి జరిగింది. పడమర మహాకాళి, తూర్పున మేచి నదులే హద్దు. మధ్యలో నదీ కొండా లేని చదునైన తరాయి నేలంతా రాళ్లు పాతుకుంటూ పోయారు. పెద్ద స్తంభాలని నేపాల్‌వాళ్లు ఇప్పటికీ ఆ జంగ్ బహదూర్ పేరు మీదే జంగే పిల్లర్లు అంటారు.

మన ఊళ్లో రెండు చేల మధ్య హద్దురాయి చూశారు కదా, చాలాచోట్ల అంతకంటే పెద్ద హంగామా ఏమీ ఉండదు. సున్నం కొట్టిన సిమెంటు దిమ్మె, దాని మీద ఒక నంబరు, పక్కన కట్టేసిన మేక, అంతే. గీతకి ఇటు పది గజాలు, అటు పది గజాలు ఖాళీగా వదలాలన్నది నియమం, దాన్ని అక్కడ దస్‌గజా అంటారు. నిజంగా ఖాళీగా ఉందా అంటే చాలాచోట్ల లేదు, పశువుల పాకలు, దుకాణాలు, కొన్నిచోట్ల ఇళ్లే వచ్చేశాయి, వాటి మీద రెండు దేశాల సర్వేవాళ్లకీ ఎప్పుడూ తలనొప్పే.

కంచె ఎందుకు లేదంటే, అవసరం పడలేదు కాబట్టి. గీత గీసేనాటికే ఇటూ అటూ చుట్టరికాలు ఉన్నాయి. రోటీ–బేటీ సంబంధం అని అక్కడ అందరి నోటా వినిపిస్తుంది, అంటే తిండీ పెళ్లీ రెండూ పంచుకునేవాళ్లం అని. 1950 జూలై 31న కుదిరిన శాంతి, మైత్రి ఒప్పందంలో ఏడో అధికరణం దీన్నే కాగితం మీద పెట్టింది. ఒకరి దేశంలో ఇంకొకరు ఉండొచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, తిరగొచ్చు. నేపాల్ నుంచి వచ్చి హైదరాబాద్ హోటళ్లలో, అపార్ట్‌మెంట్ల దగ్గర పనిచేసేవాళ్లు వీసా లేకుండా ఉండగలిగేది ఇందువల్లే.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. కంచె లేదంటే కాపలా లేదని కాదు, నిజానికి కంచె లేదు కాబట్టే మనుషులు కాపలా కాస్తారు. మన వైపు 2001 నుంచి సశస్త్ర సీమా బల్, అంటే ఎస్ఎస్‌బీ, అటు వైపు నేపాల్ సాయుధ పోలీసులు. గట్ల మీద నడుచుకుంటూ, సైకిళ్ల మీద గస్తీ తిరుగుతారు, చాలాచోట్ల మామూలు బట్టల్లో కూడా ఉంటారు. ఆ ఊళ్లవాళ్ల ముఖాలు వాళ్లకి తెలుసు. ఎవరి కోడలు ఎవరింటికి వెళ్తోందో కూడా తెలుసు. అలాంటి చోట భోజ్‌పురీ ముక్క రాని ముగ్గురు, కెమెరాలతో, ఒకరి జేబులో అమెరికా పాస్‌పోర్టుతో, దారి తప్పినట్టు పొలంలో తిరుగుతుంటే ఆపకుండా ఎలా ఉంటారు? ఆపడం వాళ్ల ఉద్యోగం. ఆ గట్ల మీదుగానే యూరియా బస్తాలు, చక్కెర, సిగరెట్లు, బంగారం, గంజాయి దొంగతనంగా పోతుంటాయి. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో కుర్రవాళ్ల ఆందోళన జరిగి జైళ్ల నుంచి వేలమంది పారిపోయినప్పుడు, ఇటు దాటబోయిన చాలామందిని పట్టుకున్నది ఈ జవాన్లే. మీ ఇద్దరినైతే నాలుగు ప్రశ్నలు అడిగి, ఫోన్లో ఫోటోలు చూసి పంపించేస్తారు, మహా అయితే ఒక పూట పోతుంది. మీ అన్నయ్య స్టాంపు లేకుండా అటువైపు పదడుగులు వేసి దొరికితే కథ వేరు. మూడో దేశపు పౌరుడు అనుమతి లేకుండా సరిహద్దు దాటాడని కేసు పెట్టొచ్చు, ఆ తర్వాత కోర్టులు, బెయిలు, రద్దయిన విమానం టికెట్, ఇంత టెన్షన్ ఒక ఫోటో కోసమా?

అందుకని నేను చెప్పేది, దాటడం సునౌలీ దగ్గర దాటండి. గోరఖ్‌పూర్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులు, కార్లు దొరుకుతాయి. రైలుమీద వస్తే నౌతన్వాలో దిగి అక్కడి నుంచి ఆటో. సునౌలీ మన వైపు, అవతల బేలహియా, ఇంకాస్త ముందుకెళ్తే భైరహవా. రోడ్డంతా లారీల వరుస, దుమ్ము, డబ్బు మార్చే కొట్లు, మీరు ఊహించుకున్న ప్రశాంతత ఏమీ కనిపించదు. కానీ ఒక పక్కగా నిలబడి అరగంట చూడండి. యూనిఫాం వేసుకున్న పిల్లలు, సైకిల్ హ్యాండిల్‌కి కూరల సంచి తగిలించుకున్న ఆడవాళ్లు, ఆసుపత్రి ఫైలు పట్టుకుని గోరఖ్‌పూర్ బయల్దేరిన ముసలాయన, వీళ్లంతా మనం రోడ్డు దాటినంత మామూలుగా ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి నడిచిపోతుంటారు. ఖాళీ పొలంలో రాయి పక్కన నిలబడితే సరిహద్దు గురించి మీకు కొత్తగా తెలిసేది తక్కువ. దాన్ని రోజూ దాటేవాళ్లని చూస్తేనే తెలుస్తుంది. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

అక్కడే మీ ఫోన్ కూడా గమనించండి. నేపాల్ టైము మనకంటే 15 నిమిషాలు ముందు. ఆ గేట్ల దగ్గర ఫోను ఒక క్షణం మన టవర్‌నీ, ఇంకో క్షణం వాళ్ల టవర్‌నీ పట్టుకుంటే స్క్రీన్ మీద గడియారం 11:05 కాస్తా 11:20 అయిపోతుంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్లీ 11:05. కంటికి కనపడని గీత అంతకంటే స్పష్టంగా ఎక్కడా కనపడదు. రోమింగ్ డేటా మాత్రం ముందే ఆపేసుకోండి, బిల్లు వాచిపోతుంది.

కాగితాల సంగతి. మీకు ఓటరు కార్డు చాలు, పాస్‌పోర్టు అక్కర్లేదు. అసలు కార్డే తీసుకెళ్లండి, జిరాక్సు కాదు, ఫోన్లో ఫోటో కాదు. ఆధార్ చాలులే అనుకుని చాలామంది బయల్దేరతారు గానీ, నేపాల్ ప్రయాణానికి ఆధార్ చెల్లేది 15 ఏళ్ల లోపువాళ్లకీ 65 దాటినవాళ్లకీ మాత్రమే, 2019లో కేంద్ర హోం శాఖ చెప్పింది అదే. కాబట్టి అమ్మగారికి ఆధార్ సరిపోతుంది, మీకు సరిపోదు. సునౌలీలో నడిచి వెళ్లే మనవాళ్లని చాలాసార్లు ఎవరూ ఏమీ అడగరు, అది నిజమే, కానీ అడిగిన రోజున చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మీ అన్నయ్య విషయం కాస్త జాగ్రత్తగా చదవండి. ఓసీఐ కార్డు ఇండియాలోకి రావడానికి పనికొస్తుంది, నేపాల్‌కి దాంతో సంబంధమే లేదు. వాళ్ల లెక్కలో ఆయన అమెరికా పౌరుడు. ముందు సునౌలీలో మన ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ స్టాంపు వేయించుకోవాలి. ఆ ఆఫీసు చిన్నది, దుకాణాల మధ్య ఉంటుంది, రిక్షాలో మాట్లాడుకుంటూ పోతే దాటేసి వెళ్లిపోవడం చాలా తేలిక. మిమ్మల్ని ఎవరూ ఆపకపోవడం చూసి ఆయన కూడా అదే ఊపులో నడిచేస్తారేమో, కనిపెట్టుకుని ఉండండి. అవతల బేలహియాలో నేపాల్ ఇమ్మిగ్రేషన్ దగ్గర అక్కడికక్కడే వీసా ఇస్తారు, 15 రోజులకి 30 డాలర్లు. మడతలూ చిరుగులూ లేని డాలర్ నోట్లు పెట్టుకోమనండి. తిరిగి వచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు, ముందు నేపాల్ వాళ్ల ఎగ్జిట్ స్టాంపు, తర్వాత మన ఎంట్రీ స్టాంపు. అప్పుడు పాస్‌పోర్టు, ఓసీఐ రెండూ చూపించాలి.

కారు అటు తీసుకెళ్లకండి. మన బండి నేపాల్‌లోకి వెళ్లాలంటే వాళ్ల కస్టమ్స్‌లో భన్సార్ కట్టాలి, రోజుకింత అని రుసుము, ఆపైన చీటీలు, క్యూలు. కారు సునౌలీలోనే ఆపి, నడిచి దాటి, అవతల ఇంకో కారు మాట్లాడుకోండి. అమ్మగారికి నడక కష్టమైతే రిక్షా ఎక్కించండి, రిక్షాలు ఇటూ అటూ తిరుగుతూనే ఉంటాయి.

డబ్బుకి పెద్దగా తడుముకోనక్కర్లేదు. మన ఒక్క రూపాయికి వాళ్లది ఒక రూపాయి 60 పైసలు వస్తుంది, 1993 నుంచి అదే లెక్క. బేరమాడేటప్పుడు ఐసీనా, ఎన్సీనా అని ముందే అడగండి, ఇండియన్ కరెన్సీనా నేపాలీ కరెన్సీనా అని దాని అర్థం, 500 అన్నది ఏ 500 అన్నది తెలియకపోతే తర్వాత గొడవ. పెద్ద నోట్ల నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి 100 రూపాయల నోట్ల కట్ట ఒకటి ఉంచుకోవడం అన్నిటికంటే మేలు. 2024 నుంచి అక్కడి కొన్ని దుకాణాల్లో మన యూపీఐ కూడా పనిచేస్తోంది, దాని మీదే ఆధారపడకండి.

దాటాక వెనక్కి తిరిగొచ్చేయకండి. అక్కడి నుంచి లుంబిని పాతిక కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మాయాదేవి గుడి, దాని పక్కనే అశోకుడి స్తంభం, బుద్ధుడు పుట్టింది ఇక్కడేనని, అందుకే ఈ ఊరి పన్ను ఎనిమిదో వంతుకి తగ్గించానని దాని మీద చెక్కించిన మాటలు. మన అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడిన మాయాదేవిని చూసి ఉంటే, ఆ కథ జరిగిన చోట నిలబడటం ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

పొలాల మధ్య సరిహద్దు అన్న మీ కోరిక కూడా వదులుకోనక్కర్లేదు, దానికి వేరే చోటు ఉంది. తిరుగు ప్రయాణంలో ఒక పూట సిద్ధార్థనగర్ జిల్లాలో పిప్రహ్వాకి వెళ్లండి. ఇది మన దేశంలోనే ఉంది, నేపాల్ కూతవేటు దూరం. 1898లో ఆ ఎస్టేటు యజమాని విలియం పెప్పే ఇక్కడి స్తూపం తవ్వించినప్పుడు బుద్ధుడివని చెప్పే ధాతువులు (అస్థికలు), రత్నాలు బయటపడ్డాయి, అందులో అతని కుటుంబం దగ్గర మిగిలిన రత్నాలు వేలానికి వచ్చి, పెద్ద గొడవయ్యాక 2025లో మన దేశానికి తిరిగొచ్చాయి. బుద్ధుడు పెరిగిన కపిలవస్తు ఇదేనని మనవాళ్లు అంటారు, కాదు మా తిలౌరాకోట్ అని నేపాల్ వాళ్లు అంటారు. బుద్ధుడి వంశంవాళ్లైన శాక్యుల నేల ఒకటే, మధ్యలోంచి 19వ శతాబ్దంలో గీత పోయింది, ఇప్పుడు సిద్ధార్థుడి ఇల్లు ఏ దేశంలో ఉందన్నది తేలని వాదన అయి కూర్చుంది. స్తూపం చుట్టూ పచ్చటి గోధుమ చేలు, ఉత్తరం వైపు చూస్తే ఎక్కడ మన దేశం అయిపోయిందో చెప్పలేరు. మీరు చూడాలనుకున్నది సరిగ్గా అదే. రాయి దాకా వెళ్లాలనిపిస్తే దగ్గర్లో ఎస్ఎస్‌బీ పోస్టు ఎక్కడుందో ఊళ్లో కనుక్కుని, అక్కడ జవాన్లని అడగండి. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఉంటారు, మర్యాదగా అడిగితే మర్యాదగానే చెప్తారు, వద్దంటే ఆగిపోండి. అన్నయ్య మాత్రం స్తూపం దగ్గరే ఉంటే మంచిది.

ఫోటోల గురించి అడిగారు. మిమ్మల్ని మీరు తీసుకోండి, పోస్టుల్నీ జవాన్లనీ తీయకండి, డ్రోన్ సంచిలోనే కాదు, అసలు ఇంట్లోనే వదిలేయండి. గేటు దగ్గర కొన్నిచోట్ల చిన్న బల్ల వేసుకుని కూర్చుని, దాటే అమ్మాయిల్ని పక్కకి పిలిచి ఎక్కడికెళ్తున్నావు, వెంట ఉన్నది ఎవరు అని అడిగే ఆడవాళ్లు కనిపిస్తారు. మైతీ నేపాల్ లాంటి సంస్థలవాళ్లు వాళ్లు. ఉద్యోగమనీ పెళ్లనీ నమ్మించి అమ్మాయిల్ని ఇటు తెచ్చి అమ్మేసేవాళ్లు ఉన్నారు, తెరిచి ఉన్న సరిహద్దుకి ఇంకో ముఖం ఇది. ఆ అమ్మాయిల వైపు కెమెరా ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. అలాగే ఎవరైనా ఈ సంచి కాస్త అటు దాటించండి అన్నా, ఎంత బతిమాలినా, ముట్టుకోవద్దు.

అవతల మాట్లాడేటప్పుడు ఒక్క మాట నోరు జారకండి, నేపాల్ కూడా మనదే కదా అని. మనవాళ్లు ప్రేమతోనే అంటారు, వాళ్లకి గుచ్చుకుంటుంది. 2015లో సరిహద్దు దగ్గర సరుకులు ఆగిపోయి, గ్యాస్ బండలూ పెట్రోలూ లేక నెలల తరబడి వాళ్లు పడ్డ కష్టం ఇంకా ఎవరూ మర్చిపోలేదు. అది వేరే దేశం, మనల్ని రానిస్తోంది.

తేదీలు ఖాయం చేసేముందు అటు గానీ ఇటు గానీ ఎన్నికలు ఉన్నాయేమో చూసుకోండి. పోలింగ్‌కి ముందు 48, 72 గంటలు సరిహద్దు మూసేస్తారు. జనవరి 26 ముందు తనిఖీలు బాగా ఎక్కువ. ఫిబ్రవరి ఎంచుకోవడం బాగుంది, డిసెంబరు, జనవరిల్లో తరాయిలో పొగమంచుకి పక్కనున్న మనిషే కనపడడు, రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం.

ఒకవేళ ప్లాన్ మారి బీహార్ మీదుగా రక్సౌల్ నుంచి బీర్‌గంజ్ వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు మందు సీసా ఒక్కటి కూడా తేవద్దని అన్నయ్యకి చెప్పండి. 2016 నుంచి బీహార్‌లో మద్యనిషేధం, అటు తాగి ఇటు నడిచొచ్చినా నేరమే. అదే బీహార్‌లో జయనగర్ నుంచి జనక్‌పూర్‌కి 2022లో మళ్లీ రైలు మొదలైంది, సీతమ్మ పుట్టిల్లని అమ్మగారు ముచ్చటపడొచ్చు, కానీ ఆ రైల్లో మూడో దేశం వాళ్లని ఎక్కనివ్వరు. అన్నయ్య లేని ట్రిప్‌కి దాన్ని ఉంచుకోండి. ఇంకో మాట, మీకు ఒక్కరికే ఎప్పుడైనా వారం రోజులు దొరికితే డార్జిలింగ్ పక్కన మానేభంజన్ నుంచి సందక్‌ఫూ దాకా నడవండి. దారంతా కొండ అంచు మీద, సరిహద్దు వెంటే. పొద్దున ఇండియాలో టీ తాగి, రాత్రికి తుమ్లింగ్‌లో పడుకుంటారు, ఆ ఊరు నేపాల్‌లో ఉంది. అక్కడ గీత మీద కాలు పెట్టాలని ప్రత్యేకంగా వెతుక్కోనక్కర్లేదు, నడుస్తుంటే అదే కాళ్ల కిందకి వచ్చిపోతూ ఉంటుంది.

ఇప్పటికి మాత్రం సునౌలీ, లుంబిని, పిప్రహ్వా. లుంబినిలో ఒక రాత్రి ఉండండి, పెద్ద సామాను గోరఖ్‌పూర్ హోటల్లోనే వదిలి చిన్న సంచులతో బయల్దేరండి. మీ ఓటరు కార్డు ఇంట్లో ఎక్కడుందో ఈరోజే వెతకండి, దొరక్కపోతే ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో కొత్తదానికి అప్లై చేయండి, ఫిబ్రవరికి ఇంకా టైముంది.